మీ ఫోన్ సంగతి వేరు, అమ్మగారి ఫోన్ సంగతి వేరు

ప్రశ్న: నా ఉద్యోగమంతా కంప్యూటర్ ముందే. ఫోన్ మోగినప్పుడల్లా చేతిలోకి తీసుకోవడం, తల వంచి టైప్ చేయడం, మళ్లీ పనిలో పడడం. సాయంత్రానికి మెడ పట్టేస్తోంది. ఫోన్‌ను కంప్యూటర్ నుంచే నడపొచ్చంటున్నారు, ఎలాగో చెప్పండి. రెండోది, మా అమ్మ వేరే ఊళ్లో ఒక్కతే ఉంటుంది. ఫోన్‌లో ఏ చిన్న చిక్కు వచ్చినా నాకే చెబుతుంది. తను ఏమీ నొక్కే పని లేకుండా, ఎప్పుడు కావాలంటే అప్పుడు నేనే ఇక్కడి నుంచి తన ఫోన్ తెరిచి సరిచేసేలా పెట్టుకోవచ్చా? తెలిసినాయన ఒకరు దీనికోసం ఒక యాప్ ఫైలు పంపారు. అది ఫోన్‌లో ఉన్నట్టు కూడా తెలియదట. ఇంకొకటి, టచ్ పోయిన పాత ఫోన్ ఒకటి ఉంది. స్క్రీన్ వెలుగుతుంది, ఎక్కడ నొక్కినా కదలదు. అందులో ఫొటోలు ఉండిపోయాయి. దాన్ని కూడా కంప్యూటర్ నుంచి నడపొచ్చా?

సమాధానం: ముందు ఆలస్యం చేయకూడని మాట చెప్పేస్తాను. ఆ ఫైలును అమ్మగారి ఫోన్‌లో వేయకండి. మీ ఫోన్‌లో కూడా వేసి చూడకండి. ఇప్పటికే వేసి ఉంటే తీసేయండి. ఎందుకో తర్వాత వివరంగా చెబుతాను.

మీరు అడిగిన మూడూ పైకి ఒకలాగే ఉన్నాయి గానీ, మూడింటికీ దారులు వేరు. బల్ల మీద మీ పక్కనే ఉన్న ఫోన్‌ను కంప్యూటర్‌లో నడపడం తేలిక, హాయిగా ఉంటుంది, పైసా ఖర్చు లేదు. దూరంగా ఇంకొకరి చేతిలో ఉన్న ఫోన్‌ను నడపాలంటే ఆ చేతిలోని మనిషి ప్రతిసారీ ఒప్పుకోవాలి, అలా ఉండడమే మంచిది. టచ్ పోయిన ఫోన్‌కైతే చాలాసార్లు కంప్యూటర్ అవసరమే ఉండదు.

మీ ఫోన్‌తో మొదలుపెడదాం. ఒక రోజు కాస్త గమనించండి: ఫోన్ చేతిలోకి తీసుకుంటున్నది దేనికి? చాలామందికి అది మెసేజ్‌లు చదవడానికి, జవాబు ఇవ్వడానికి, ఓటీపీ చూసుకోవడానికి, ఒక ఫొటో కంప్యూటర్‌లోకి తెచ్చుకోవడానికి. మీదీ అంతే అయితే ఫోన్ మొత్తాన్ని కంప్యూటర్ మీదికి తేనక్కర్లేదు. వాట్సాప్‌ను బ్రౌజర్‌లోనే తెరుచుకోవచ్చు. ఒక ఖాతాకు ఫోన్ కాకుండా నాలుగు పరికరాల వరకు జతచేయనిస్తారు. ఒకసారి జతయ్యాక ఫోన్‌లో నెట్ లేకపోయినా కంప్యూటర్‌లో నడుస్తుంది. ఫోన్‌లో మాత్రం పద్నాలుగు రోజులకు మించి తెరవకుండా ఉంటే జత తెగిపోతుంది. మామూలు ఎస్సెమ్మెస్‌లకు గూగుల్ మెసేజెస్‌కు కూడా ఇలాంటి వెబ్ పేజీ ఉంది.

విండోస్ వాడేవాళ్లకు మైక్రోసాఫ్ట్ వాళ్ల ఫోన్ లింక్ ఉంది. 2018లో యువర్ ఫోన్ అనే పేరుతో వచ్చింది, 2022లో పేరు మార్చారు. ఫోన్‌లో లింక్ టు విండోస్ అనే యాప్ పెట్టుకొని క్యూఆర్ కోడ్‌తో జత చేస్తే నోటిఫికేషన్లు, మెసేజ్‌లు, ఇటీవలి ఫొటోలు కంప్యూటర్‌లో కనిపిస్తాయి. బ్లూటూత్ ఉంటే కాల్స్ కూడా కంప్యూటర్ హెడ్‌సెట్‌తోనే మాట్లాడుకోవచ్చు. మెడనొప్పి తగ్గడానికి ముందుగా దీన్నే వాడి చూడమంటాను. ఫోన్ స్క్రీన్ మొత్తం కంప్యూటర్‌లో తెరిచి నడిపే సదుపాయం మాత్రం ఇందులో శామ్‌సంగ్ లాంటి కొన్ని కంపెనీల కొన్ని మోడళ్లకే ఉంది. మీ ఫోన్ ఆ జాబితాలో లేదని తేలితే నిరుత్సాహపడొద్దు. దానికంటే బాగా పనిచేసేది ఇంకొకటి ఉంది.

దాని పేరు స్క్రీన్‌కాపీ. పలకడం అలా గానీ, రాసేటప్పుడు అచ్చులన్నీ, వాటితోపాటు ఎన్ అక్షరం తీసేసి ఎస్, సీ, ఆర్, సీ, పీ, వై అని ఆరు ఇంగ్లిష్ అక్షరాలు రాస్తారు. వెతకాల్సింది అలాగే. జెనీమొబైల్ అనే సంస్థలో రోమా విమో అనే ప్రోగ్రామర్ రాసి 2018లో బయటపెట్టిన ఉచిత, ఓపెన్ సోర్స్ ప్రోగ్రామ్ ఇది. విండోస్, మ్యాక్, లినక్స్ మూడింటిలోనూ నడుస్తుంది. ఆండ్రాయిడ్ 5 నుంచి ఏ ఫోనైనా సరే. రూట్ చేయనక్కర్లేదు (అంటే ఫోన్ లోపలి తాళాలు తీసి పూర్తి అధికారం తీసుకోనక్కర్లేదు), ఫోన్‌లో ఏ యాప్ వేయనక్కర్లేదు, ఎక్కడా ఖాతా తెరవనక్కర్లేదు, ప్రకటనలు ఉండవు. మీ స్క్రీన్ బొమ్మ మీ కేబుల్ దాటి ఎక్కడికీ వెళ్లదు. ఈ ఒక్క కారణం చేతే నేను దీన్ని మిగతావాటికంటే ముందు పెడతాను. ఒక జాగ్రత్త: దీన్ని ప్రోగ్రామర్లు తమ ప్రోగ్రాములు పెట్టుకొనే గిట్‌హబ్ సైటులో జెనీమొబైల్ పేజీ నుంచే దించుకోండి. ఇదే పేరు పెట్టుకొని అసలు సైటులా కనిపించే సైట్లు వేరే ఉన్నాయి, వాటి జోలికి వెళ్లొద్దు.

ఇక మొదలుపెట్టే పద్ధతి. ఫోన్‌లో సెట్టింగ్స్‌కు వెళ్లి అబౌట్ ఫోన్ తెరిచి, బిల్డ్ నంబర్ అనే వరుస మీద వరసగా ఏడుసార్లు నొక్కండి. కొన్ని ఫోన్లలో అది సాఫ్ట్‌వేర్ ఇన్ఫర్మేషన్ లోపల ఉంటుంది. లాక్ పిన్ అడుగుతుంది, ఇచ్చాక డెవలపర్ ఆప్షన్స్ అనే కొత్త విభాగం సెట్టింగ్స్‌లో చేరుతుంది. అందులో యూఎస్‌బీ డీబగ్గింగ్ ఆన్ చేయండి, కంప్యూటర్ నుంచి ఫోన్‌కు ఆదేశాలు వెళ్లనిచ్చేది అదే. అక్కడ ఇంకేమీ ముట్టుకోకండి. కంప్యూటర్‌లో దించుకున్న జిప్ ఫైలును విప్పి పెట్టుకోండి. విండోస్‌లోనైతే కావాల్సినవన్నీ ఆ ఫోల్డర్‌లోనే ఉంటాయి, విడిగా ఇన్‌స్టాల్ చేసేదేమీ లేదు. ఫోన్‌ను కేబుల్‌తో కలపగానే ఫోన్ స్క్రీన్ మీద "ఈ కంప్యూటర్ నుంచి డీబగ్గింగ్‌కు అనుమతించాలా?" అని ఒక పెట్టె వస్తుంది. కింద పొడవాటి అంకెలూ అక్షరాల వరుస, దాని కింద "ఎల్లప్పుడూ అనుమతించు" అనే టిక్కు ఉంటాయి. మీ సొంత కంప్యూటర్ అయితే టిక్కు పెట్టి ఒప్పుకోండి. ఆఫీసు వాళ్లదైతే టిక్కు పెట్టొద్దు, ఆ ఒక్కసారికే ఒప్పుకోండి. ఆఫీసు కంప్యూటర్‌లో బయటి ప్రోగ్రామ్ నడపొచ్చో లేదో కూడా ముందే ఐటీ వాళ్లను అడగండి. తర్వాత ఫోల్డర్‌లోని ప్రోగ్రామ్ మీద రెండుసార్లు క్లిక్ చేస్తే ఫోన్ స్క్రీన్ కంప్యూటర్‌లో ఒక కిటికీలా తెరుచుకుంటుంది.

ఇక్కడ ఎక్కువమంది ఆగిపోయేది కేబుల్ దగ్గర. చార్జింగ్ అవుతోంది కదా, కేబుల్ బాగానే ఉందనుకుంటారు. చార్జింగ్‌కు మాత్రమే పనికొచ్చే కేబుళ్లు చాలా ఉన్నాయి. వాటిలో డేటా తీగలే ఉండవు. పెట్టె రాకపోతే సెట్టింగ్స్ అన్నీ తిరగేయకుండా ముందు కేబుల్ మార్చి చూడండి. స్క్రీన్ కనిపిస్తోంది గానీ మౌస్‌తో నొక్కితే కదలడం లేదంటే అది వేరే జబ్బు. షావోమీ లాంటి కొన్ని ఫోన్లలో డెవలపర్ ఆప్షన్స్‌లోనే యూఎస్‌బీ డీబగ్గింగ్ కింద, బ్రాకెట్లో సెక్యూరిటీ సెట్టింగ్స్ అని ఇంకో మీట ఉంటుంది. దాన్ని కూడా ఆన్ చేసి, ఫోన్ ఒకసారి రీస్టార్ట్ చేయాలి.

తెరుచుకున్నాక అలవాటు పడడానికి ఎంతో సేపు పట్టదు. ఎడమ క్లిక్ వేలితో నొక్కినట్టు. కుడి క్లిక్ వెనక్కి తీసుకెళ్తుంది. మౌస్ మధ్య చక్రం నొక్కితే హోమ్. కంట్రోల్ పట్టుకొని మౌస్ జరిపితే రెండు వేళ్లతో జూమ్ చేసినట్టు. ఆల్ట్ పట్టుకొని ఎన్ నొక్కితే నోటిఫికేషన్లు కిందికి దిగుతాయి. ఆల్ట్, ఓ కలిపి నొక్కితే ఫోన్ స్క్రీన్ ఆరిపోతుంది, కంప్యూటర్‌లో మాత్రం నడుస్తూనే ఉంటుంది. బ్యాటరీ మిగులుతుంది, పక్కవాళ్ల కంటికి మీ మెసేజ్‌లు పడవు. కంప్యూటర్‌లోని ఫైలును లాగి కిటికీ మీద వదిలితే ఫోన్‌లో డౌన్‌లోడ్ ఫోల్డర్‌లోకి చేరుతుంది. ఏపీకే ఫైలు, అంటే యాప్ ఫైలు, వదిలితే మాత్రం నేరుగా ఇన్‌స్టాల్ చేసేస్తుంది, చెయ్యి జారకుండా చూసుకోండి. ఆండ్రాయిడ్ 11 నుంచి ఫోన్ శబ్దం కూడా కంప్యూటర్ స్పీకర్లలోకే వస్తుంది.

తెలుగులో టైప్ చేసేవాళ్లకు ఒక చిక్కు ఉంది. మామూలుగా వదిలేస్తే కంప్యూటర్ కీబోర్డు నుంచి ఇంగ్లిష్ అక్షరాలే ఫోన్‌లోకి వెళ్తాయి, తెలుగు వెళ్లదు. కంగారు పడొద్దు. తెలుగు మాటను కంప్యూటర్‌లో ఏ నోట్‌ప్యాడ్‌లోనైనా రాసుకొని, కాపీ చేసి, ఫోన్ కిటికీలో కంట్రోల్, వీ నొక్కితే చక్కగా పడుతుంది. పొడుగు మెసేజ్ రాసేవాళ్లకు నా లెక్కలో ఇదే మేలు. రాసింది ఒకసారి చదువుకొని పంపొచ్చు.

బ్యాంకు యాప్ తెరిస్తే కిటికీ నల్లగా మారితే, ఏదో పాడైందనుకోకండి. స్క్రీన్‌ను ఎవరూ నకలు తీయకుండా ఆ యాప్ తయారుచేసినవాళ్లే అడ్డం పెట్టారు. డబ్బు కట్టి చూసే వీడియో నల్లగా కనిపించినా, పాస్‌వర్డ్ పేజీ కనిపించకపోయినా కారణం అదే. కొన్ని యాప్‌లు డెవలపర్ ఆప్షన్స్ ఆన్‌లో ఉంటే అసలు తెరుచుకోవు. ఈ అడ్డును దాటే చిట్కాలు వెతకొద్దు. బ్యాంకు పని ఫోన్‌లోనే చేసుకోండి. అది మెడను అంతగా బాధపెట్టే పని కాదు కదా.

కేబుల్ చికాకు అనిపిస్తే, ఆండ్రాయిడ్ 11 నుంచి డెవలపర్ ఆప్షన్స్‌లో వైర్‌లెస్ డీబగ్గింగ్ ఉంది. ఫోన్, కంప్యూటర్ ఒకే వైఫైలో ఉండాలి. ఫోన్ చూపించే ఆరంకెల కోడ్‌తో ఒకసారి జత చేయాలి. సొంత ఇంటి వైఫైలో సరే, హోటల్, స్టేషన్ లాంటి చోట్ల వైఫైలో వద్దు. ఇక ఇంటి ఫోన్‌ను ఆఫీసు నుంచి ఇంటర్నెట్ మీదుగా నడపాలన్న ఆశతో కొందరు రౌటర్‌లో 5555 పోర్టును, అంటే డీబగ్గింగ్ వాడే ద్వారాన్ని, బయటికి తెరిచి పెడతారు. ఎట్టి పరిస్థితిలోనూ ఆ పని చేయకండి. 2018 ఫిబ్రవరిలో ఏడీబీ మైనర్ అనే, తనంతట తానే పాకే వైరస్ సరిగ్గా ఇలా తెరిచి ఉన్న ఆండ్రాయిడ్ పరికరాలను వెతికి పట్టుకొని, వాటిలో క్రిప్టో కరెన్సీ తవ్వుకుంది. ఎవరూ ఏ లింకూ నొక్కలేదు, ఏ యాప్ వేయలేదు. పోర్టు తెరిచి ఉండడమే వాటి పాలిట శాపమైంది. అంతగా అవసరమైతే వైర్‌గార్డ్ లాంటి వీపీఎన్ (ఇంటర్నెట్ మీద మీకు మాత్రమే తెరుచుకొనే తాళం వేసిన దారి) పెట్టుకొని దాని లోపలి నుంచి వెళ్లాలి.

ఈ వాడకం మానేసిన రోజున డీబగ్గింగ్ ఆఫ్ చేయండి. దాని కిందే, ఇంతకుముందు ఇచ్చిన డీబగ్గింగ్ అనుమతులన్నీ రద్దు చేసే వరుస ఉంటుంది, అది కూడా నొక్కండి. డీబగ్గింగ్‌కు అనుమతి పొందిన కంప్యూటర్ మీ ఫోన్‌లో యాప్‌లు వేయగలదు, తీయగలదు, ఫైళ్లు చదవగలదు. ఆ హక్కు ఎవరెవరికి ఇచ్చారో గుర్తు లేనప్పుడు అందరికీ తీసేయడమే పద్ధతి.

మీది ఐఫోన్ అయితే పైన చెప్పిన స్క్రీన్‌కాపీ పనిచేయదు. 2024లో వచ్చిన ఐఓఎస్ 18, మ్యాక్ఓఎస్ సెకోయా నుంచి ఆపిల్ వాళ్లే ఐఫోన్ మిర్రరింగ్ ఇచ్చారు. రెండింటిలోనూ ఒకే ఆపిల్ ఖాతా ఉండాలి, ఫోన్ దగ్గర్లో లాక్ అయి ఉండాలి. మ్యాక్ అయితే బాగా పనిచేస్తుంది, యూరోపియన్ యూనియన్ దేశాల్లో మాత్రం ఇవ్వలేదు. విండోస్ కంప్యూటర్‌లో ఐఫోన్‌ను ఇలా పూర్తిగా నడిపే సరైన దారి లేదు. ఫోన్ లింక్‌తో కాల్స్, మెసేజ్‌ల వరకు వస్తాయి, దానితో సరిపెట్టుకోవాలి.

ఇప్పుడు అమ్మగారి ఫోన్. మీరు అడిగినదాంట్లో ప్రేమ ఉంది, తెలుస్తూనే ఉంది. ఆమెను ఇబ్బంది పెట్టకుండా పని అయిపోవాలని మీ ఆలోచన. కానీ మీరు రాసిన మాటే ఇంకోసారి చదవండి: తను ఏమీ నొక్కకుండా, ఎప్పుడు కావాలంటే అప్పుడు, ఉన్నట్టు కూడా తెలియకుండా. ఇలా పనిచేసే యాప్‌కు ఆ అవతలి మనిషి మీరే అని ఎలా తెలుస్తుంది? తెలియదు. మీరు తెరవగలిగేదాన్ని, ఆ ఫైలు తయారుచేసినవాడు కూడా తెరవగలడు. తనకు తెలియకుండా కంటికి కనబడకుండా ఫోన్‌లో కూర్చొనే యాప్‌లు నిఘా పెట్టడానికి చేసినవి, సాయం చేయడానికి చేసినవి కావు. ఇంకొకరి ఫోన్‌లో వాళ్లకు తెలియకుండా ఇలాంటివి పెట్టడం చాలా దేశాల్లో నేరం కూడా. అమ్మే అయినా, మంచికే అయినా, ఆమె మెసేజ్‌లూ కాల్స్ ఆమెవి.

ఆ ఫైలు వేసేటప్పుడు మీకు ఒక అనుభవం ఎదురయ్యేది. మొదట "తెలియని చోటి నుంచి వచ్చిన యాప్" అని హెచ్చరిక. తర్వాత యాప్ మిమ్మల్ని సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీ అనే చోటికి తీసుకెళ్లి తన పేరు పక్కన మీట ఆన్ చేయమంటుంది. కంటిచూపు లేనివాళ్లకు స్క్రీన్ చదివి వినిపించడానికి, చేతులు సరిగా ఆడనివాళ్ల బదులు నొక్కిపెట్టడానికి ఆండ్రాయిడ్‌లో పెట్టిన సదుపాయం అది. అందుకే ఆ అనుమతి దొరికిన యాప్ స్క్రీన్ మీద ఉన్న ప్రతి అక్షరం చదవగలదు, మీ వేలు నొక్కినట్టే నొక్కగలదు. అంటే మెసేజ్ తెరవగలదు, ఓటీపీ చూడగలదు, "సరే" అనే బటన్ తానే నొక్కగలదు. ఆండ్రాయిడ్ 13 నుంచి ఇలా బయటి ఫైలుతో వేసిన యాప్‌లకు ఆ మీట తేలిగ్గా పడదు, "పరిమితం చేసిన సెట్టింగ్" అని ఆపేస్తుంది. దాన్ని ఎలా దాటాలో ఫైలు పంపినాయన ఓపిగ్గా చెబుతుంటే, అక్కడే ఫోన్ పక్కన పెట్టేయండి.

ఆండ్రాయిడ్ కూడా మీరు కోరుకున్న దిశకు వ్యతిరేకంగానే నడుస్తోంది, అది మంచికే. ఆండ్రాయిడ్ 14 నుంచి స్క్రీన్ బయటికి చూపించే ప్రతిసారీ ఫోన్ పట్టుకున్న మనిషిని కొత్తగా అడగాల్సిందే. ఆండ్రాయిడ్ 15లో స్క్రీన్ అవతలివాళ్లకు కనిపిస్తున్నంతసేపూ నోటిఫికేషన్లలోని ఓటీపీలను దాచేస్తున్నారు. ఇంకో సంగతి చాలామందికి తెలియదు: ఫోన్ రీస్టార్ట్ అయ్యాక ఎవరైనా ఒకసారి పిన్ కొట్టేదాకా లోపలి డేటా తాళంలోనే ఉంటుంది, మామూలు యాప్‌లు మొదలు కావు. రాత్రి అప్‌డేట్ వచ్చి ఫోన్ ఆరి వెలిగిందంటే, మీ "ఎప్పుడంటే అప్పుడు" ఆ క్షణంతో సరి. అమ్మగారు పిన్ కొట్టాల్సిందే.

మరి ఏం చేయాలి? ఆమెతో మాట్లాడుతూ, ఆమె చూస్తుండగా చేసే పద్ధతి పెట్టుకోండి. టీమ్‌వ్యూయర్ వాళ్ల క్విక్‌సపోర్ట్ ఇలాంటి పనికే చేసిన యాప్, సొంత వాడకానికి ఉచితం. ప్లే స్టోర్ నుంచే వేయండి. అమ్మగారు దాన్ని తెరిస్తే ఒక నంబర్ కనిపిస్తుంది. ఆమె అది మీకు ఫోన్‌లో చదివి చెప్పాలి. మీరు కంప్యూటర్‌లో టీమ్‌వ్యూయర్‌లో ఆ నంబర్ కొడితే, ఆమె ఫోన్ "అనుమతించాలా?" అని అడుగుతుంది. ఒప్పుకున్నాక స్క్రీన్ మీకు కనిపిస్తుంది. నొక్కడానికి కూడా వీలు కావాలంటే యాక్సెసిబిలిటీ అనుమతి దీనికీ ఇవ్వాలి. అందుకే ఈ ఏర్పాటంతా మీరు ఆమె దగ్గరికి వెళ్లినప్పుడు, పక్కన కూర్చొని చేయండి. ఒక గదిలో ఆమె, ఇంకో గదిలో మీరు ఉండి ఒకసారి మొత్తం నడిపి చూడండి. ఏ పెట్టె వస్తుందో, ఎక్కడ నొక్కాలో ఆమె కళ్లతో చూసి ఉంటే, తర్వాత దూరం నుంచి చెప్పేటప్పుడు ఇద్దరికీ టెన్షన్ ఉండదు. పని అయిపోయాక యాక్సెసిబిలిటీ మీట ఆఫ్ చేయించండి. నెలల తరబడి అవసరం రాకపోతే యాప్ కూడా తీసేయండి, మళ్లీ వేసుకోవడం కష్టం కాదు.

నన్నడిగితే చాలాసార్లు అంత దూరం కూడా వెళ్లనక్కర్లేదు. వీడియో కాల్‌లో స్క్రీన్ షేర్ చేయడం ఆమెకు నేర్పండి. వాట్సాప్‌లోనూ, గూగుల్ మీట్‌లోనూ ఉంది. అవతలివాళ్లు చూడగలరు తప్ప ముట్టుకోలేరు. మీరు "పైన ఎడమ పక్క మూడు గీతలు ఉన్నాయి చూడమ్మా, వాటి మీద నొక్కు" అంటే ఆమే నొక్కుతారు. కొంచెం నెమ్మదిగా జరుగుతుంది. కానీ రెండుసార్లు ఆమె చేత్తో చేసిన పని మూడోసారి మిమ్మల్ని అడగకుండానే చేసుకుంటారు. ఇద్దరివీ ఐఫోన్లయితే ఐఓఎస్ 18 నుంచి ఫేస్‌టైమ్‌లో స్క్రీన్ షేర్ చేసినప్పుడు, అవతలివాళ్లు ఒప్పుకుంటే మీరే నొక్కే వీలు కూడా ఉంది.

అమ్మగారికి ఈ దారి నేర్పుతున్నప్పుడే రెండో మాట కూడా చెప్పి తీరాలి. మోసగాళ్లు వాడేది కూడా ఇవే యాప్‌లు. బ్యాంకు నుంచి అంటారు, డెలివరీ నుంచి అంటారు, మీ ఫోన్‌లో వైరస్ అంటారు. గొంతు మర్యాదగానే ఉంటుంది. కాసేపటికి "ఈ యాప్ వేసుకోండి, అందులో వచ్చిన నంబర్ చెప్పండి" అంటారు. ఆ నంబర్ ఇచ్చి, వచ్చిన పెట్టెకు ఒప్పుకున్నాక అవతలివాడికి ఆమె ఫోన్ మీకు ఎంత కనిపిస్తుందో అంతే కనిపిస్తుంది. కాబట్టి ఇద్దరూ ఒక నియమం పెట్టుకోండి: ఆ నంబర్ ప్రపంచంలో నాకు తప్ప ఎవరికీ చెప్పకు, అదీ నువ్వు నాకు ఫోన్ చేసినప్పుడే. నేనే ఫోన్ చేసి అడిగినా చెప్పకు, పెట్టేసి నా నంబర్‌కు నువ్వు తిరిగి చెయ్యి. గొంతును అనుకరించడం ఈ రోజుల్లో పెద్ద పని కాదు కాబట్టి ఈ చివరి ముక్క అతి జాగ్రత్త అనుకోకండి. పొరపాటున ఎవరికైనా ఇచ్చేస్తే వాళ్లతో వాదించనక్కర్లేదు, యాప్ ఎక్కడుందో వెతకనక్కర్లేదు. ముందు ఫ్లైట్ మోడ్. అది పడకపోతే పవర్ బటన్ పట్టుకొని ఫోన్ ఆపేయడం. నెట్ తెగితే అవతలి చెయ్యీ తెగుతుంది. ఆ తర్వాత వేరే ఫోన్ నుంచి మీకు, బ్యాంకుకు చెప్పాలి. ఫ్లైట్ మోడ్ ఎక్కడుందో ఆమె చేత నాలుగైదుసార్లు నొక్కించండి. ఏ యాప్ నేర్పకపోయినా ఫర్వాలేదు, ఇది మాత్రం చేతికి రావాలి.

ఇంకొక చిన్న మాట. ఆమె మీకు చెప్పుకొనే చిక్కులు ఏమిటో ఒక కాగితం మీద రాసి చూడండి. అక్షరాలు చిన్నగా ఉన్నాయి, స్టోరేజ్ నిండింది, శబ్దం రావడం లేదు, ఐకాన్ ఎక్కడికో పోయింది. ఇలాంటివే అయితే, వెళ్లినప్పుడు ఒక పూట కూర్చొని అక్షరాల సైజు పెంచి, అక్కర్లేని యాప్‌లు తీసేసి, ఆమె వాడే ఐదారు ఐకాన్లు మాత్రమే మొదటి పేజీలో ఉంచి, ఆ పేజీ కదలకుండా లాక్ చేయండి. చాలా లాంచర్లలో, అంటే హోమ్ పేజీని చూపించే యాప్‌లలో, ఆ సదుపాయం ఉంది. దూరం నుంచి ఫోన్ నడపాల్సిన అవసరం సగానికి సగం తగ్గిపోతుంది.

చివరికి పాత ఫోన్. దాన్ని కూడా స్క్రీన్‌కాపీతో తెరవొచ్చు, అందులో డీబగ్గింగ్ ముందే ఆన్ అయి ఉండి, మీ కంప్యూటర్‌కు ముందే అనుమతి ఉంటే. లేకపోతే "అనుమతించాలా?" పెట్టె వస్తుంది, దాన్ని నొక్కడానికే టచ్ లేదు. అందుకని కంప్యూటర్ వదిలేయండి. ఫోన్ చార్జింగ్ పోర్టుకు యూఎస్‌బీ పరికరాలు తగిలించనిచ్చే ఓటీజీ అడాప్టర్ ఒకటి తెచ్చి, ఇంట్లో ఉన్న మామూలు యూఎస్‌బీ మౌస్‌ను ఫోన్‌కే తగిలించండి. చాలావరకు ఆండ్రాయిడ్ ఫోన్లు దాన్ని వెంటనే గుర్తుపడతాయి, స్క్రీన్ మీద బాణం గుర్తు కనిపిస్తుంది. మామూలుగా ఏ సెట్టింగూ మార్చనక్కర్లేదు. చిన్న రిసీవర్‌తో పనిచేసే వైర్‌లెస్ మౌస్ కూడా సరే. బ్లూటూత్ మౌస్ మాత్రం ముందు జత చేయాలి కాబట్టి మొదట పనికిరాదు. బాణంతో స్క్రీన్ పైకి జరిపి, పిన్ అంకెల మీద క్లిక్ చేసి తెరవండి. ఆరి వెలిగిన ఫోన్ మొదటిసారి వేలిముద్రకు ఒప్పుకోదు, పిన్ గుర్తుండాలి.

లోపలికి వెళ్లాక ఇంకో ఇరకాటం. ఫొటోలు తీసుకోవడానికి ఫోన్‌ను కంప్యూటర్‌కు కలపాలంటే మౌస్ పీకాలి, పీకితే "ఫైల్ ట్రాన్స్‌ఫర్" అని నొక్కడానికి చెయ్యి ఉండదు. దీనికి దారులున్నాయి. వైఫైకి కలిపి ఫొటోలన్నీ గూగుల్ ఫొటోస్‌లోకి ఎక్కించేయడం అన్నిటికంటే తేలిక. అంతకంటే ముందు, కంప్యూటర్‌లో ఆ ఖాతా తెరిచి చూడండి, ఆ ఫొటోలు ఎప్పుడో ఎక్కేసి ఉండొచ్చు. నెట్‌లో పెట్టడం ఇష్టం లేకపోతే చిన్న యూఎస్‌బీ హబ్ ఒకటి ఓటీజీకి తగిలించి, ఒక పోర్టులో మౌస్, ఇంకో పోర్టులో పెన్‌డ్రైవ్ పెట్టి నేరుగా కాపీ చేసుకోవచ్చు. ఫోన్ పాతదైతే హబ్‌కు చాలినంత కరెంటు ఇవ్వలేకపోవచ్చు, అప్పుడు విడిగా పవర్ తీసుకొనే హబ్ వాడండి. లేదా వైర్ మౌస్‌తోనే సెట్టింగ్స్‌లోకి వెళ్లి బ్లూటూత్ మౌస్‌ను జత చేసుకోండి, పోర్టు ఖాళీ అయిపోతుంది. అప్పుడు కంప్యూటర్‌కు కలిపి మామూలుగా ఫొటోలు లాక్కోవచ్చు.

ఫొటోలు కాపీ అయ్యాక కంప్యూటర్‌లో పది పదిహేను తెరిచి, వీడియోలు కూడా నడుస్తున్నాయో లేదో చూడండి. అన్నీ సరిగ్గా ఉన్నాయని తేలాకే, అదే మౌస్‌తో ఫోన్‌లోని గూగుల్ ఖాతాను తీసేసి, ఫ్యాక్టరీ రీసెట్ చేయండి. ఖాతా తీయకుండా రీసెట్ చేస్తే ఫోన్ మళ్లీ ఆ ఖాతా పాస్‌వర్డే అడగొచ్చు, అడిగితే రిపేరుకు ఇచ్చినా, ఎవరికైనా ఇచ్చినా వాళ్లు ముందుకు వెళ్లలేరు.